నీటి నడుమ ఊరు, ఊరి చేతిలో వైద్యశాల

ఈ శీర్షికలో మేము తరచుగా ఇంటి లోపలి సంగతులే వ్రాస్తూ ఉంటాము. పెండ్లి ఖర్చులు, పిల్లల చదువులు, వృద్ధులైన తల్లిదండ్రుల సేవ, ఇరుగుపొరుగువారి హక్కులు. ఈ మాసం గడప దాటి కొంత దూరం వెళ్ళదలచాము. అయితే చెప్పబోయే విషయం కూడా చివరకు ఇంటిదే. అర్ధరాత్రి జ్వరంతో మూలిగే పసిబిడ్డది, కీళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని దాదీది, నెలలు నిండిన కోడలిది.

అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్ నగరం మన పాఠక కుటుంబాలలో చాలామందికి పరాయిది కాదు. అక్కడి సాఫ్ట్‌వేరు సంస్థలలో మన తెలుగు పిల్లలు ఎందరో పనిచేస్తున్నారు. ఆ నగరానికి నైరుతి దిక్కున, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో వాషాన్ అనే ద్వీపం ఉన్నది. దానిని ఆనుకొని ఉన్న మౌరీ ద్వీపాన్ని కూడా కలుపుకొంటే సుమారు 37 చదరపు మైళ్ళ నేల. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా పదకొండు వేలు. ఒకప్పుడు స్ట్రాబెర్రీ తోటలకు పేరు పొందిన పల్లెటూరి ద్వీపం అది. అమెరికాలో ఎక్కువగా ధనం పోగుపడిన నగరాలలో ఒకటి కనుచూపు మేరలోనే ఉన్నప్పటికీ, ద్వీపానికి వంతెన లేదు. వంతెన ప్రతిపాదనలు గతంలో వచ్చాయి గాని కార్యరూపం దాల్చలేదు. ఉత్తరపు కొస నుండి సియాటిల్ వైపునకు ఇరవై నిమిషాలు, దక్షిణపు కొస నుండి టకోమా నగరం వైపునకు పదిహేను నిమిషాలు ఫెర్రీ ప్రయాణం. ఒక చిన్న విశేషం కూడా ఉన్నది. ద్వీపం విడిచి వెళ్ళేవారిని ఎవరూ టిక్కెట్టు అడగరు. తిరిగి రావాలనుకున్నవారే రుసుము చెల్లించాలి.

ఇరవై నిమిషాలే కదా అని పాఠకులు అనుకోవచ్చు. గోదావరి మీద నరసాపురం, సఖినేటిపల్లి రేవుల నడుమ పంటు ఎక్కినవారు మాత్రం అలా అనుకోరు. నీటిని దాటే కాలం వేరు, దాటడం కోసం ఒడ్డున వేచి ఉండే కాలం వేరు. వరుసలో కార్లు నిలిచిపోతాయి. పొగమంచు కమ్ముతుంది. 2021లో సిబ్బంది కొరత వలన ఆ రాష్ట్రపు ఫెర్రీల రాకపోకలు ఎంతో తగ్గిపోయాయి. ప్రాణాపాయం వస్తే అంబులెన్సుకు దారి ఇస్తారు, హెలికాప్టరు వస్తుంది. కాని జీవితంలో అధిక భాగం ప్రాణాపాయపు జబ్బులతో గడవదు. చెవిపోటు, చక్కెర వ్యాధి, రక్తపోటు, మానని పుండు, టీకా, గర్భిణి నెలవారీ పరీక్ష. వీటి కోసం నీరు దాటవలసి వస్తే సగం రోజు కూలి పోతుంది, లేదా వెళ్ళడమే మానివేస్తారు. మానివేసిన జబ్బే కొన్నాళ్ళకు అంబులెన్సును పిలుస్తుంది.

వాషాన్‌లో ఆస్పత్రి లేదు. ఉన్నది ఒక సాధారణ వైద్యశాల, అనగా మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వంటిది. దానిని నడిపే సంస్థలు మారుతూ వచ్చాయి. ఫ్రాన్సిస్కన్ అనే పెద్ద ఆస్పత్రుల సంస్థ 2016లో తన క్లినిక్కును మూసివేసింది. నైబర్‌కేర్ అనే లాభాపేక్ష లేని సంస్థ ముందుకు వచ్చి దానిని చేపట్టింది. కొద్ది సంవత్సరాలకే ఆ సంస్థ కూడా వైదొలగవలసి వచ్చింది. ఇందులో ఎవరినీ నిందించవలసిన పని లేదు. పదకొండు వేల మందిలో ఎందరో నగరానికి వెళ్ళి చూపించుకుంటారు. మిగిలిన రోగుల రుసుములతో వైద్యుల జీతాలు, నర్సుల జీతాలు, భవనం అద్దె సరిపోవు. నగరంలో పది క్లినిక్కులు ఉన్న సంస్థ ఒకదాని నష్టాన్ని మరొక దాని లాభంతో పూడ్చుకోగలదు గాని, ఎంత కాలమని పూడ్చుతుంది? ఇది వాషాన్‌కు మాత్రమే పరిమితమైన కష్టం కాదు. జనం పలుచగా ఉన్న చోట వైద్యశాల తన ఖర్చును తాను సంపాదించుకోలేదు. ఎవరో ఒకరు లోటు భరించాలి. ఆ ఎవరో ఒకరు ఎవరు అన్నదే ప్రశ్న.

ద్వీపవాసులు దీనికి వెతికిన జవాబు పాత చట్టంలో దొరికింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1945లోనే ప్రజా ఆస్పత్రి జిల్లాల చట్టం వచ్చింది. గ్రాంజ్ అనే రైతుల సంఘం పట్టుబట్టి తెప్పించిన చట్టం అది. దాని ప్రకారం ఒక ప్రాంతపు ప్రజలు ఓటు వేసి తమకు తామే ఒక ఆరోగ్య జిల్లాను ఏర్పరచుకోవచ్చు. ఆ జిల్లాకు స్థిరాస్తుల మీద పన్ను విధించే అధికారం ఉంటుంది. దానిని నడిపేవారు కలెక్టరు నియమించినవారు కారు, ఏ పార్టీ టిక్కెట్టు మీద గెలిచినవారూ కారు. ఆ ప్రాంతంలో నివసిస్తూ అక్కడే ఓటు హక్కు ఉన్న సామాన్య పౌరులు. పేరు ఆస్పత్రి జిల్లా అయినప్పటికీ ఆస్పత్రి కట్టి తీరాలన్న నియమం లేదు. క్లినిక్కుకు అండగా నిలిచినా సరిపోతుంది.

2019 నవంబరులో వాషాన్ ప్రజలు ఇటువంటి జిల్లా కావాలని ఓటు వేశారు. అదే ఎన్నికలో ఐదుగురు కమిషనర్లను కూడా ఎన్నుకున్నారు. ఈ పదవి పూర్తి కాలం ఆరు సంవత్సరాలు. ప్రతిఫలం సమావేశం జరిగిన రోజుకు చిన్న భత్యం మాత్రమే. ఎవరి కొలువు వారిది, ఎవరి సంసారం వారిది. సాయంత్రాలు, సెలవు రోజులు దీనికి.

అసలు పన్ను మాట ఎత్తితే ఎవరి ముఖం వికసిస్తుంది? ఇక్కడ కొంత లెక్క చెప్పక తప్పదు. చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి, ఆస్తి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 75 సెంట్లు. అంటే ఆరు లక్షల డాలర్ల ఇల్లు ఉన్నవారు ఆ పరిమితి మేరకు చెల్లిస్తే సంవత్సరానికి 450 డాలర్లు అవుతుంది. సియాటిల్ చుట్టుపక్కల ఆరు లక్షల ఇల్లు భాగ్యవంతుల ఇల్లు కాదు. నలభై ఏండ్ల క్రితం చౌకగా కొన్న ఇంట్లో పింఛనుతో బతుకుతున్న వృద్ధురాలికి ఇంటి విలువ పెరగడం వలన చేతికి వచ్చేది ఏమీ లేదు, పన్ను మాత్రం పెరుగుతుంది. ఇంకొకరు, మా వైద్యుడు నగరంలో ఉన్నాడు, ఈ క్లినిక్కు గడప మేము ఎన్నడూ తొక్కలేదు, మేము ఎందుకు కట్టాలి అని అడుగుతారు. ఈ ప్రశ్నను స్వార్థం అని కొట్టివేయడం తేలిక. మేము అలా కొట్టివేయము. ఒకరి చేతిలోని డబ్బును మరొకరి అవసరానికి తీసుకొనేవాడు ఆ మొదటివారికి జవాబు చెప్పుకోవాలి. కమిషనరు పదవిలోని బరువు అంతా ఇదే. అభ్యంతరం చెప్పేవారు ఎక్కడో రాజధానిలో లేరు. అదే కిరాణా కొట్టులో ఎదురవుతారు, అదే ఫెర్రీలో పక్క కారులో కూర్చొని ఉంటారు.

లెక్కలో మరొక చిక్కు ఉన్నది. ఓటర్లను మళ్ళీ అడగకుండా ఇటువంటి జిల్లా తన పన్ను రాబడిని సంవత్సరానికి నూటికి ఒక వంతు మాత్రమే పెంచుకోగలదు. కొత్తగా కట్టిన ఇండ్ల వలన వచ్చేది దీనికి అదనం. వైద్యుల జీతాలు, మందుల ధరలు, భీమా ఖర్చులు నూటికి ఒకటి చొప్పున పెరుగుతాయా? పెరగవు. కాబట్టి ఈ సంవత్సరం మిగులు కనిపించినా దానిని ఖర్చు చేయాలా, రాబోయే లోటు కోసం దాచాలా అన్న వాదన ప్రతి బడ్జెట్టులోనూ పొడసూపుతుంది. దాచితే, మా దగ్గర ఎక్కువ వసూలు చేశారు అంటారు. ఖర్చు చేస్తే, ముందుచూపు లేదు అంటారు. మస్జిదు కమిటీలలో కోశాధికారిగా పనిచేసిన పాఠకులు ఈ వాక్యం చదివి నవ్వుకుంటారని మాకు తెలుసు.

ఈ కొత్త జిల్లాకు ఊపిరి పీల్చుకొనే వ్యవధి దొరకలేదు. ఏర్పడిన కొద్ది నెలలకే కరోనా వచ్చింది. ఆ సంవత్సరమే క్లినిక్కును నడిపే సంస్థ మారవలసి వచ్చింది. ద్వీపంలోని స్వచ్ఛంద సేవకులు, విశ్రాంత వైద్యులు, నర్సులు కలిసి పరీక్షా కేంద్రాన్ని తామే నడిపారు. వాషాన్‌బీప్రిపేర్డ్ అనే విపత్తు సన్నాహక సంఘం అందుకు ఆధారమైంది. భూకంపం వస్తే ఫెర్రీలు ఆగిపోతాయి, బయటి నుండి సహాయం రాదు అన్న ఆలోచనతో ముందే ఏర్పడిన సంఘం అది. 2020 నవంబరులో సీమార్ అనే సంస్థ క్లినిక్కు బాధ్యతను తీసుకున్నది. జిల్లా దానికి పన్ను డబ్బుతో అండగా నిలిచింది. విశేషమేమంటే, అంతకు ముందు వాషాన్ ద్వీపం పిల్లల టీకాలకు వెనుకాడే తల్లిదండ్రులు ఎక్కువగా ఉన్న చోటుగా పేరు పడినది. కరోనా టీకాలలో మాత్రం అదే ద్వీపం ముందు వరుసలో నిలిచింది. చెప్పేవాడు తెలిసిన మనిషి అయినప్పుడు వినే చెవి వేరుగా ఉంటుందని మేము అనుకుంటాము.

ఐదుగురు కమిషనర్లు చేసే పని ఏమిటి? వారు నాడి పట్టరు, మందు వ్రాయరు. ఏ రోగిని ముందు చూడాలో వైద్యునికి చెప్పరు. రోగుల కాగితాలు చూసే హక్కు వారికి లేదు. బడ్జెట్టు ఆమోదిస్తారు, పన్ను ఎంత అన్నది నిర్ణయిస్తారు, క్లినిక్కు సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంటారు. ఆ ఒప్పందంలోనే సారమంతా ఉంటుంది. వారానికి ఎన్ని రోజులు తలుపు తెరవాలి, సాయంత్రం వేళ ఉంటుందా, శనివారం సంగతేమిటి, వైద్యుడు సెలవు పెడితే బదులు ఎవరు, డబ్బు ఇచ్చినందుకు లెక్క ఎన్ని నెలలకు ఒకసారి చూపాలి. నీరసంగా కనిపించే ఈ ప్రశ్నలు సరిగా అడిగినవారి వలన ఒక తల్లికి నీరు దాటే శ్రమ తప్పుతుంది. అడగనివారి వలన ప్రారంభోత్సవపు శిలాఫలకం మాత్రమే మిగులుతుంది.

సమావేశాలు బహిరంగంగా జరగాలన్నది ఆ రాష్ట్రంలో 1971 నాటి చట్టం. ఐదుగురిలో ముగ్గురు ఒకచోట చేరి జిల్లా పని మాట్లాడుకుంటే అదే సమావేశం అవుతుంది. ఎవరి వరండాలోనో టీ త్రాగుతూ నిర్ణయం తేల్చుకొని తరువాత కాగితం మీద సంతకాలు చేయడం కుదరదు. చిన్న ఊరిలో, చిన్ననాటి స్నేహితుల నడుమ ఇది ఎంత కష్టమో ఆలోచించండి. 2022 నుండి, తుది నిర్ణయం తీసుకొనే సమావేశానికి ముందు గాని, సమావేశంలో గాని ప్రజలు తమ మాట చెప్పుకొనే అవకాశం ఇవ్వడం కూడా తప్పనిసరి చేశారు. ఇక తన సొంత లాభం ఉన్న ఒప్పందంలో సభ్యుడు వేలు పెట్టరాదన్న నియమం సరేసరి. భార్య క్లినిక్కులో పనిచేస్తున్నా, భవనం బావమరిదిదైనా ముందే చెప్పుకోవాలి. పదకొండు వేల మంది ఉన్న చోట ఎవరికి ఎవరూ బంధువు కాకుండా ఉండడం సాధ్యం కాదు. బంధుత్వం తప్పు కాదు, దాచడమే తప్పు.

మరొక సంగతి మాకు ఇంకా ఎక్కువగా నచ్చింది. సీమార్ వంటి సామాజిక ఆరోగ్య కేంద్రాలకు అమెరికా సమాఖ్య ప్రభుత్వం నిధులు ఇస్తుంది. ఆ నిధులు పొందాలంటే సంస్థ పాలక మండలిలో సగానికి మించి, అనగా నూటికి కనీసం 51 మంది, అక్కడే వైద్యం పొందే రోగులై ఉండాలి. ఊరి పెద్దలు కారు, దాతలు కారు, రోగులు. వరుసలో కూర్చొని తన పేరు పిలిచేదాకా వేచి చూసినవారు. సీమార్ 1978లో సియాటిల్‌లో లాటినో సమాజపు కార్యకర్తల చొరవతో మొదలైన సంస్థ. తోటలలో, పరిశ్రమలలో కూలికి వచ్చి, ఇంగ్లీషు రాక, ఆస్పత్రి మెట్ల దగ్గరే వెనుదిరిగే జనం కోసం పుట్టినది. మైనారిటీగా బతికే ఒక చిన్న సమాజం తన కష్టం కోసం మొదలుపెట్టిన వైద్యశాల, తరువాత అందరిదీ అయింది. ఈ మాట మీద మన ట్రస్టుల పెద్దలు కాస్త నిలబడి ఆలోచిస్తే బాగుంటుంది.

వాషాన్‌కు ఉత్తరాన మరికొన్ని ద్వీపాలు ఉన్నవి. లోపెజ్ ద్వీపవాసులు 2017లో, ఓర్కాస్ ద్వీపవాసులు 2018లో ఇదే దారి పట్టారు. శాన్ హువాన్ ద్వీపంలో 2012లో పది పడకల చిన్న ఆస్పత్రి తెరిచారు. దానిని నడిపేది ఒక కాథలిక్ ధార్మిక సంస్థ. అక్కడ వేరొక వివాదం తలెత్తింది. మత నియమాల ప్రకారం కొన్ని రకాల వైద్యసేవలు చేయని సంస్థకు అందరి పన్ను డబ్బు ఇవ్వవచ్చునా అని పౌరహక్కులవారు ప్రశ్నించారు. ఆ సంస్థ లేకపోతే ఆస్పత్రే ఉండదు కదా అని మరికొందరు అన్నారు. ఇరువైపులా బలమున్న వాదన ఇది. మన ధార్మిక సంస్థలు కూడా ఆస్పత్రులు నడుపుతున్నాయి, ప్రభుత్వ పథకాల సొమ్ము స్వీకరిస్తున్నాయి. అందరి సొమ్ము ముట్టుకున్న చేయి అందరికీ జవాబు చెప్పవలసి ఉంటుంది. సొమ్ము తీసుకొనే రోజున ఇది గుర్తుండదు, గొడవ వచ్చిన రోజున గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు మన సముద్రం వైపు చూద్దాము. లక్షద్వీప్‌లో జనం నివసించే ద్వీపాలు పది. 2011 లెక్కల ప్రకారం జనాభా 64,473. వారిలో నూటికి 96 మందికి పైగా ముస్లిములు. కేరళ తీరం నుండి ఈ ద్వీపాలు 220 కిలోమీటర్లు మొదలుకొని 440 కిలోమీటర్ల దూరం వరకు పరచుకొని ఉన్నవి. ఫెర్రీలో ఇరవై నిమిషాలు కాదు, ఓడలో పగలూ రాత్రీ. జబ్బు ముదిరిన రోగిని హెలికాప్టరులో కొచ్చికి చేర్చవలసిందే.

ఈ ద్వీపాలలో ఎన్నికైన జిల్లా పంచాయతీకి కొంతకాలం వైద్యం మీద కూడా అజమాయిషీ ఉండేది. 2021 మే నెల ఆరంభంలో పాలనా యంత్రాంగం ఒక ఉత్తర్వు వెలువరించింది. విద్య, వైద్యం, వ్యవసాయం, పశుపోషణ, మత్స్య శాఖల మీద పంచాయతీకి ఉన్న అధికారాలను ఉపసంహరించి అధికారులకు అప్పగించింది. అదే నెల చివరలో రోగుల హెలికాప్టరు తరలింపునకు నలుగురు సభ్యుల కమిటీ ఆమోదం కావాలన్న ఉత్తర్వు వచ్చింది. ఆ విషయం కేరళ హైకోర్టు దాకా వెళ్ళింది. నిధుల దుర్వినియోగం జరగకుండా ఇటువంటి పరిశీలన అవసరమని అధికారులు భావించవచ్చు. ఆ మాటలో అసలు పస లేదని మేము అనము. హెలికాప్టరు గంటకు ఎంత ఖర్చవుతుందో లెక్క చూడవలసినవారు ఎవరో ఉండాలి. కాని గుండెపోటు వచ్చిన మనిషి పక్కన కూర్చున్నవారికి నలుగురి సంతకాలు ఎంత సేపటికి వస్తాయో తెలియకపోతే ఆ కమిటీ ఎవరి పక్షాన ఉన్నట్లు? వాషాన్ కమిషనరు తన నిర్ణయపు ఫలితాన్ని కిరాణా కొట్టులో ఎదుర్కొంటాడు. బదిలీ మీద వచ్చి బదిలీ మీద వెళ్ళే అధికారి ఎంత మంచివాడైనా, ఆ కిరాణా కొట్టు ఆయనకు లేదు.

ఇక మన ఇంటి ముంగిటికి వద్దాము. తెలుగు నేల మీద కూడా నీటి నడుమ ఊళ్ళు లేకపోలేదు. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట నాగాయలంక మండలంలో ఎదురుమొండి దీవి ఉన్నది. కోనసీమ లంకలలో వరద వచ్చిన ప్రతిసారీ గర్భిణులను పడవలలో ఎక్కించి గట్టుకు చేర్చే దృశ్యం పత్రికలలో చూస్తూనే ఉంటాము. ద్వీపం కాని ఊళ్ళు కూడా వైద్యం విషయంలో ద్వీపాలే అని అనిపించే సందర్భాలు ఎన్నో. బస్సు లేని రాత్రి, పదిహేను కిలోమీటర్ల మట్టి రోడ్డు, నీరే కానక్కరలేదు.

మన దగ్గర సామాన్యులకు ఆస్పత్రి నిర్వహణలో చోటు లేదా? ఉన్నది, కాగితం మీద నిండుగా ఉన్నది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించిన తరువాత, ఇండోరులోని మహారాజా యశ్వంత్‌రావు ఆస్పత్రిని శుభ్రపరచి బాగుచేసే ప్రయత్నంలో రోగి కల్యాణ సమితి అనే ఆలోచన పుట్టింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు దానిని దేశమంతటికీ విస్తరించారు. మన వైపు దీనిని ఆస్పత్రి అభివృద్ధి సంఘం అంటారు. ప్రభుత్వం ఏటా కొంత నిధిని ఈ సంఘం చేతికి ఇస్తుంది. మిషన్ తొలి సంవత్సరాలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు సంఘానికి లక్ష రూపాయలు, జిల్లా ఆస్పత్రి సంఘానికి ఐదు లక్షలు. విరిగిన మంచం, పని చేయని ఫ్యాను, చీకటిగా ఉన్న ప్రసూతి గది, నీరు రాని మరుగుదొడ్డి వంటి వాటికి పై అధికారుల అనుమతి కోసం వేచి ఉండకుండా ఖర్చు చేసుకోవడానికి అది. పన్ను విధించే అధికారం లేదు, ఎన్నిక లేదు. అధ్యక్ష స్థానం సాధారణంగా ప్రజాప్రతినిధిదో, అధికారిదో. అయినా స్థానిక పౌరులకు అందులో చోటు ఉన్నది.

ఆ చోట్లలో ఎవరు కూర్చుంటారు? రాజకీయ నాయకుని వెంట తిరిగే మనిషి కూర్చుంటే అది అతనికి ఒక బిరుదు అవుతుంది, విజిటింగు కార్డు మీద ఒక వరుస అవుతుంది. సమావేశం జరగకపోయినా రిజిస్టరు ఇంటికి వస్తుంది, సంతకం చేస్తాడు. ఇది మేము కొత్తగా చెప్పే రహస్యమేమీ కాదు. మన సముదాయంలో దీనికి తోడు మరొక అలవాటు ఉన్నది. మస్జిదు కమిటీలో చోటు కోసం ఏళ్ళ తరబడి పోటీ పడతాము, ముతవల్లీ పదవి కోసం న్యాయస్థానాల గుమ్మం ఎక్కుతాము, ఊరి ఆస్పత్రి సంఘంలో మనవారు ఒకరు ఉండాలన్న ఆలోచన మాత్రం రాదు. అది సర్కారువారిది, మనకెందుకు అంటాము. అయితే ప్రసవానికి, డెంగీకి, పాముకాటుకు వెళ్ళేది ఆ సర్కారువారి గడపకే కదా.

ఒక స్త్రీ ఆ సంఘంలో కూర్చుంటే ఏమి మారుతుందో చూడండి. స్కానింగు గది తలుపుకు తెర లేదన్న సంగతి పురుషుల సమావేశంలో ఎన్నడూ చర్చకు రాదు. ఎందుకంటే ఆ గదిలో పడుకున్నది వారు కారు. మహిళా వైద్యురాలు ఏ రోజులలో వస్తారో గోడ మీద వ్రాసి ఉంచితే, బురఖా వేసుకొని ఎండలో ఐదు కిలోమీటర్లు వచ్చిన స్త్రీ ఊరికే తిరిగి వెళ్ళవలసిన అవసరం ఉండదు. బాలింత పక్కన ఉండే అమ్మీ రాత్రి ఎక్కడ పడుకుంటుంది? మరుగుదొడ్డికి లోపలి గడియ ఉన్నదా? తెరకు, గడియకు, గోడ మీద రాతకు లక్ష రూపాయలు అక్కరలేదు, అడిగే నోరు కావాలి. ఇంకా ముఖ్యంగా, ఆ నోరు తన ఇంటివారి కోసం మాత్రమే అడగకూడదు. మన వీధికి మందులు వచ్చాయా అని చూసేవాడు సభ్యుడు కాడు, బేరగాడు. ఎస్సీ కాలనీకి, యానాది గుడిసెలకు నర్సు వెళ్ళి వస్తున్నదా అని కూడా అడిగినప్పుడే అతని మాటకు బల్ల చుట్టూ గౌరవం వస్తుంది.

సభ్యత్వం స్వీకరించినవారికి ఇంకొక కష్టం కాచుకొని ఉంటుంది. బంధువులు ఫోను చేస్తారు. మామూను వరుసలో ముందుకు పంపించు, ఫలానా అమ్మాయి ఎందుకు ఆస్పత్రికి వచ్చిందో కనుక్కో, ఆ కుర్రవాడికి వచ్చిన జబ్బు ఏమిటి, సంబంధం చూస్తున్నాము. ఈ మూడు కోరికలకూ జవాబు ఒకటే, లేదు. రోగి రహస్యం అమానతు. వాషాన్‌లోనూ చిన్న ఊరే, అక్కడ చట్టం గట్టిది. ఇక్కడ చట్టం కంటే ముందు సభ్యుని నోరే గట్టిగా ఉండాలి. కమిటీలోని మనిషి నోటి నుండి ఒక ఆడపిల్ల సంగతి బజారులో పడితే, ఆ పిల్ల ఒక్కతే కాదు, ఆ వీధిలోని స్త్రీలందరూ ఆ ఆస్పత్రికి రావడం మానివేస్తారు.

పాఠకులు తమ ఊరి ఆస్పత్రి అభివృద్ధి సంఘంలో ఎవరెవరు ఉన్నారో, గత సమావేశం ఏ తేదీన జరిగిందో, నిధి దేనికి ఖర్చయిందో తెలుసుకోదలిస్తే మొదట వైద్యాధికారిని మర్యాదగా అడగండి. చాలాచోట్ల చెబుతారు, సమావేశానికి రమ్మని కూడా అంటారు. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయానికి ఇచ్చే దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు వ్రాయండి: సభ్యుల పేర్లు, గత సంవత్సరపు సమావేశాల తేదీలు, ఖర్చుల వివరం. సాధారణంగా ముప్పై రోజులలో జవాబు రావాలి. వచ్చిన జవాబును జుమా తరువాత మస్జిదు ఆవరణలో నలుగురూ చదువుకోవచ్చు. ఊరిలోని మిగిలినవారికి కూడా వినిపించవచ్చు, ఆస్పత్రి వారిది కూడా కదా.